కోనప్ప కొట్టంలోని ఎద్దులు

కొరియరబ్బాయి ఇచ్చిపోయిన కట్ట విప్పుకుని మిద్దె మెట్ల మీద కూర్చున్నానో లేదో, ఆళ్ళగడ్డ నుంచి రమణమ్మ ఫోను. కట్టలో ఉన్నది నా పడుచుతనం. ఒక వారపత్రికలో నేను బొమ్మలు గీసి, మాటలు రాసి నడిపిన కథలు, 'కోతల కోనప్ప'. ఇన్నేళ్ళకు ఎవరో ధైర్యవంతులు వాటిని పుస్తకంగా వేస్తామని బయలుదేరి, అచ్చుకు పోకముందు ఒకసారి తప్పులు చూడమని పంపించినారు. చూస్తే అక్షరాల్లో తప్పులు తక్కువ, జంతువుల్లో ఎక్కువ. నా ఎద్దులు కొమ్ములు అరువు తెచ్చుకున్న కుక్కల మాదిరి ఉంటాయి. నా ఎలుగుబంటిని చూసి అప్పట్లో ఒక పాఠకురాలు, గొంగడి కప్పుకున్న ఆ పెద్దాయన ఎవరని అడిగింది. ఆ పెద్దాయనతోనే నేను కుస్తీ పడుతుండగా రమణమ్మ గొంతు వినబడింది.

"వదినా, నాయన మాట్లాడ్డం మానేసినాడు. అత్త పోయిన కాడ్నుంచి నోరు తెరవడంల్యా."

రమణమ్మ మా మేనమామ ఓబులేసు కూతురు. ఆమె అత్త అంటే మా అమ్మ, చెన్నమ్మ. అమ్మ పోయి ఇంకా సంవత్సరీకం కూడా కాలేదు. మామ గోడ పక్కకు తిరిగి పండుకుంటాడట, కండ్లు తెరవడట. అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు మింగి మళ్ళీ గోడకేసి తిరుగుతాడట. డాక్టరు వచ్చి చూసి, ఒంట్లో జబ్బేమీ లేదు, ఇట్లాగే వదిలేస్తే మాత్రం మనిషి దక్కడని చెప్పి పోయినాడట. ఆళ్ళగడ్డ బస్టాండులో గడియారం ఆగిపోతే ఎవరూ పట్టించుకోరు. మా మామ నోరు ఆగిపోవడం మాత్రం ఊరు చూడని వింత. ఒళ్ళోని కాగితాల్లో కోనప్ప నోరు తెరుచుకునే ఉన్నాడు. ఎందుకంటే ఆ కోనప్ప మా మామే.

మామ పని ఆ రోజుల్లో అహోబిలం జీపులు నింపడం. బస్సులు దిగిన యాత్రికులను కేకేసి, మాటల్లో పెట్టి, మస్తాను అనే మిత్రుడి జీపులోకి ఎక్కించేవాడు. జీపు మస్తానుది, నోరు మామది. ఎక్కినవాళ్ళు నరసింహస్వామి దర్శనం కంటే ముందు మామ పరాక్రమాల దర్శనం చేసుకునేవాళ్ళు. సంత రోజు నంద్యాలకు వచ్చినప్పుడల్లా మా ఇంటికి రాకుండా పోయేవాడు కాదు. ఆయన వచ్చేది సరిగ్గా అమ్మ జొన్నరొట్టెలు తట్టే వేళకు. పొయ్యిలో కంది కట్టె పొగ, ఊరిబిండి పచ్చడి కోసం కాల్చిన ఎండుమిరపకాయల ఘాటు, దానిమీద మామ చొక్కా నుంచి వచ్చే డీజిలు వాసన. ఈ మూడూ కలిస్తేనే నాకు సంత రోజు అయినట్టు. వంటింటి గడప మీద కూర్చునేవాడు, వీధి అరుగు మీదున్న మా తాతకు కూడా వినపడేట్టు గొంతు పెంచేవాడు.

మా తాత, అంటే మా నాయనకు నాయన, తక్కువ మాటల మనిషి. ఆయన ఎదుట మా అమ్మ గొంతు నేనెప్పుడూ వినలేదు. నీళ్ళు కావాలంటే ఆయన దగ్గేవాడు, అమ్మ నాతో చెంబు పంపేది. ఆ ఇంట్లో కోడలు ఉన్నదనడానికి గాజుల చప్పుడూ రొట్టె చప్పుడూ మాత్రమే గుర్తు. ఒక్క వెసులుబాటు ఉండేది. పుట్టింటి తమ్ముడిని అక్క ఎంత గట్టిగా తిట్టినా మా వైపు ఎవరూ తప్పు పట్టరు. కాబట్టి మామ వచ్చిన పూట మాత్రం, "చాల్లేరా నీ కోతలు" అన్న అమ్మ మాట అరుగు దాకా వినపడేది. తాత అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ వినేవాడు. కథ రక్తికట్టే చోట అడకత్తెర ఆగేది. ముక్కుతో ఒక నవ్వు నవ్వి మళ్ళీ కత్తిరించేవాడు.

మా ఇంట్లో అట్లా మూడు రకాల కోతలు ఉండేవి. చేలో శనగ కోతలు, రోజూ కరెంటు కోతలు, సంత రోజు మామ కోతలు. మొదటివి కడుపు నింపేవి, రెండోవి చెమట పట్టించేవి, మూడోవి నాకు బతుకుతెరువు అయినాయి. వాటిలో కూడా ముఖ్యమైనవి మూడే, మూడూ ‘ఎ’ అక్షరంతోనే మొదలు: ఎద్దు, ఎలుగుబంటి, ఎక్స్‌ప్రెస్సు. వాగు పొంగినప్పుడు కొట్టుకుపోతున్న ఎద్దును కొమ్ములు పట్టి గట్టుకు లాగినాడట. అహోబిలం కొండదారిలో ఎలుగుబంటి ఆయనను చూసి దణ్ణం పెట్టి, ఆత్మకూరు దాకా వెనక్కి చూడకుండా పరిగెత్తిందట. చాగలమర్రి వైపు నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ బస్సును ఒంటిచేత్తో ఆపినాడట. మామ ఒంటిచెయ్యి ఎంత లావో తెలిసినవాళ్ళం కాబట్టి పడీ పడీ నవ్వేవాళ్ళం. నేను వాటినే కోనప్పకు తొడిగినాను. నా బొమ్మలో కోనప్ప ఎద్దును నెత్తిన పెట్టుకుని వాగు దాటతాడు. బస్సు టైర్లు భయపడి ముడుచుకుంటాయి.

తన మీద బొమ్మలు వేసి ఊరంతటినీ నవ్విస్తున్నానని మామ నొచ్చుకుంటాడేమోనని అమ్మ అనుకుంది. ఆయన ఆ పేజీలు జీపు అద్దానికి అంటించినాడు. యాత్రికులకు చూపించి, ఈ పత్రిక అమ్ముడయ్యేది నా మొహం చూసే అని చెప్పేవాడు. ఒక పెళ్ళివారు ఆయనతో సంతకం కూడా చేయించుకున్నారు. నా సంతకం మాత్రం ఈ రోజు వరకు పోస్టుమ్యాన్ తప్ప ఎవరూ అడగలేదు.

కోనప్ప ఇట్లా వెలిగిపోతున్న రోజుల్లోనే ఆ సంగతి జరిగింది. అమ్మ పుట్టిల్లు ఆళ్ళగడ్డకు ఆవల, అహోబిలం దారిలో ఒక పల్లె. శనగ కోతలకని అమ్మా నేనూ పోయి ఉన్నాము. మిట్టమధ్యాహ్నం, కోతవాళ్ళు సద్ది తింటున్నారు. ఎద్దులకు మేత వేద్దామని అమ్మ వామి దగ్గరికి పోయి జొన్నచొప్ప కట్ట ఒకటి లాగింది. కట్టతో పాటు నాగుపాము జారింది. అమ్మ అరవలేదు. కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చి, పొయ్యి మీద ఎసరు మరిగిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. "మ్మే, పాము కరిసింది. మీ మామ జీపు వచ్చే యాళ. రోడ్డు మీదికి పో."

జీపు అప్పుడే అహోబిలం నుంచి తిరుగుదారిలో ఉంది. సంగతి తెలియగానే యాత్రికులు తమంతట తామే దిగిపోయినారు. ఎవరో పక్క ఊళ్ళో మంత్రం వేసేవాళ్ళు ఉన్నారన్నారు. మామ వినిపించుకోలేదు. "మంత్రం నా నోట్లోనే ఉంది, ఎక్కించండి" అన్నాడు. అప్పుడు కూడా బడాయే అని నాకు ఒళ్ళు మండింది. పాము విషానికి మందు ఆ రోజుల్లో మాకు నంద్యాలలోనే దొరికేది. మస్తాను జీపును ఉరికించినాడు. వెనక సీటులో అమ్మ తల నా ఒళ్ళో, ఆమె మొహం దగ్గర కింద కూర్చుని మామ.

కరిచినవాళ్ళను నిద్రపోనీయకూడదని మా వైపు నమ్మకం. నిద్రపోతే ఇంక లేవరంటారు. ఆళ్ళగడ్డ దాటేసరికే అమ్మ రెప్పలు వాలిపోతున్నాయి. నేను బుగ్గలు తట్టినాను, అమ్మా అమ్మా అని పిలిచినాను, ఆ పిలుపు నాకే ఏడుపుగా వినిపించింది. అమ్మ అలసటగా, "కండ్లు నిలవడంల్యా, పండుకుంటా ఉండు" అంది. మామ మొహంలో నెత్తురు లేదు. ఆ మనిషే ఒక్కసారి గొంతు సవరించుకున్నాడు, బస్టాండులో జీపు నింపే ముందు సవరించుకున్నట్టు.

"అక్కా, వాగు పొంగిన పొద్దు నేను ఎద్దును లాగినా చూడు, కొమ్ములు పట్టుకొని."

అమ్మ రెప్పలు తెరుచుకోలేదు.

"నువ్వు గట్టున నిలబడి ఏడుస్తాంటివి. ముక్కు చీదుతాంటివి. నేనే దూకినా నీళ్ళల్లోకి."

రెప్ప కొంచెం కదిలింది. "ఎవురు ఏడ్సింది?" అంది అమ్మ.

"ఇంకెవురు, నువ్వే."

"ఏడ్సింది నువ్వు. ఎద్దు మీద ఉన్నింది నువ్వు. ముకుతాడు పట్టుకొని ఈదింది నేను."

"కొమ్ములు గదా పట్టుకునింది?"

"కొమ్ములు పట్టుకుంటే ఎద్దు మునుగుతాదిరా. ఆ మాత్రం తెలీదు నీకు."

అమ్మ బుగ్గ మీద నా చెయ్యి ఆగిపోయింది. నేను నెలల తరబడి బొమ్మలు గీసిన కథ అది. మామ నా వైపు చూడను కూడా చూడలేదు. అమ్మ రెప్పలనే చూస్తూ ఎలుగుబంటిని తెచ్చినాడు. అది తనకు దణ్ణం పెట్టిందన్నాడు, ఆ దణ్ణం పెట్టేటప్పుడు అక్క చెట్టెక్కి కూర్చుని ఉందన్నాడు. అమ్మ కండ్లు మళ్ళీ తెరుచుకున్నాయి. చెట్టెక్కింది ఎవరో, తాను తప్పేలా బోర్లించి గరిటెతో ఎట్లా వాయించిందో, ఆ చప్పుడుకు ఎలుగుబంటి ఆత్మకూరు దాకా కాదు, పక్క పొద దాకే ఎట్లా పోయిందో, కసురుకుంటూ చెప్పింది. అది పొదలోనే ఉండగా తమ్ముడిని చెట్టు దింపి, కొంగు కింద పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడిచిందట. మామ ఒక్కొక్క వివరం తప్పు చెప్పేవాడు. అమ్మ ఒక్కొక్కటీ దిద్దేది. తప్పేలా కాదు చెంబు అన్నాడు, గరిటె కాదు కట్టె అన్నాడు. తన జీవితంలో తన గొప్ప ఒక్కటీ చెప్పుకోని మనిషి, ఆ తప్పులను భరించలేక మాట మీద మాట తెచ్చుకుంది.

శిరివెళ్ళ దగ్గర అమ్మ మాట మందగించింది. నాలుక మడత పడుతోంది. అప్పుడు మామ చివరిది తీసినాడు, అన్నిటికంటే అన్యాయంగా. "ఎక్స్‌ప్రెస్సుకు అడ్డం నిలబడింది నేనక్కా. నువ్వు కడుపుతో ఇంట్లో పండుకొని ఉంటివి." ఆ ఒక్క అబద్ధాన్ని దిద్దడానికి అమ్మకు నంద్యాల దాకా పట్టింది. ఒక్కో మాటకు మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పింది. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న తమ్ముడిని మంచం మీద రోడ్డుకు మోయించిందట. వచ్చిన బస్సు వచ్చినట్టు ఆగకుండా పోతోందట. నిండు చూలాలు నడిరోడ్డు మీదికి పోయి, చేతులు చాచి నిలబడిందట. జీపు ఆసుపత్రి వాకిట్లో ఆగేసరికి అమ్మ చివరి మాట, "నిలబడింది... నేను."

నేను. ఆ మాట మా అమ్మ నోట అంత గట్టిగా వినడం నాకదే మొదలు.

మందు ఎక్కించినారు. సాయంత్రానికి గండం గడిచిందన్నారు. నిద్రపోకపోవడానికీ విషం దిగడానికీ సంబంధం లేదనీ, బతికించింది మందేననీ డాక్టరు తర్వాత మాకు చెప్పినాడు. అయితే నాలుక ఎక్కడ మందమైంది, మింగడం ఎప్పుడు కష్టమైంది అని ఆయన అడిగితే మామ ఊళ్ళ పేర్లతో సహా చెప్పగలిగినాడు. మనిషి బెదిరిపోకుండా రావడం కూడా మేలు చేసిందన్నాడు డాక్టరు. మామ దారి పొడుగునా వాగుతున్నాడని నేననుకున్నాను. ఆయన దారి పొడుగునా వింటున్నాడు.

మర్నాడు పొద్దున ఆసుపత్రి మెట్ల మీద టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నాము. మామ గొంతు బొంగురుపోయి ఉంది.

"మామా, అన్నీ అమ్మవేనా?"

"అన్నీ అక్కవే. నావి యాడున్నాయ్ మ్మే?"

"మరి నీ పేరు పెట్టుకొని ఎందుకు చెప్తాండావ్?"

ఆయన టీ ఊదుకున్నాడు. "మీ తాత ఇంట్లో కోడలి గొంతే వినపడగూడదు. ఇంగ కోడలు నడిరోడ్డులో బస్సుకు అడ్డం నిలబడిందంటే? కొట్టం లేనోళ్ళ ఎద్దుల్ని పక్కనోళ్ళు తమ కొట్టంలో కట్టేసుకోరా? అట్ల కట్టేసినా. మేత నాది, ఎద్దులు అక్కవి."

"జనం నిన్ను చూసి నవ్వుతాండారు గదా."

"నవ్వనీ. నవ్విన కథను ఎవురూ మర్చిపోరు."

అంతే చెప్పినాడు, గ్లాసు ఇచ్చేయడానికి లేచి పోయినాడు. నేను అక్కడే కూర్చుండిపోయినాను. ఎద్దు మీద ఉన్నది ఆయన. చెట్టు మీద ఉన్నది ఆయన. మంచం మీద ఉన్నదీ ఆయనే. మూడు సార్లు తనను బతికించిన మనిషి కథను, ఆమె మెట్టినింటి గడప మీద కూర్చుని, ఆమె మామగారికి వినపడేట్టు, తన మొహానికి మసి పూసుకుని చెప్పుకుంటూ వచ్చినాడు. నేను బొమ్మలు గీసేదాన్ని, మనుషులను గమనించడం నా వృత్తి అని విర్రవీగేదాన్ని. కోనప్ప మీసం ఎన్నిసార్లు చెరిపి గీసినానో లెక్కలేదు, ఆ మీసం వెనక మా అమ్మ ఉందని మాత్రం కనిపెట్టలేకపోయినాను. ఎద్దు కథ దగ్గర రొట్టె తట్టే చప్పుడు ఒక్క దెబ్బ తప్పేది. అది విన్నాను, ఎందుకని అడగలేదు.

అమ్మ ఇంటికి వచ్చినాక జరిగింది ఇంకొకటి ఉంది. మస్తాను ద్వారా సంగతి తాత చెవిన పడింది. ఒక పూట తాత వంటింటి దాకా నడిచి వచ్చినాడు. ఆయన అక్కడికి రావడం నేనెన్నడూ చూడలేదు. గడప బయటే నిలబడి, పొయ్యి వైపు చూస్తూ, "బస్సు నువ్వే ఆపినావంట గదమ్మా" అన్నాడు. అమ్మ రొట్టె తట్టడం ఆపింది. "ఓబులేసు బాగా చెప్తాడు మామా, వాడే చెప్తాడు" అంది. ఆ తర్వాతి సంత రోజున తాత, మామకు పీట వేయించినాడు.

కోనప్పను ఆపేయాలా అని అమ్మను అడిగినాను. వద్దంది, నా మొహం మాత్రం పేపర్లో వెయ్యాకు అంది. అప్పటి నుంచి ప్రతి కథ చివరి గడిలో, ఒక మూల, మనకు వీపు చూపిస్తూ రొట్టెలు తట్టే ఒక ఆడమనిషి ఉంటుంది. కోనప్ప ఎంత ఎత్తుకు ఎగిరినా ఆమె తల తిప్పదు. నాకు ఆడవాళ్ళ మొహాలు గీయడం రాదని పాఠకులు అనుకున్నారు. అది కూడా నిజమే కాబట్టి నేను ఖండించలేదు.

ఈ కాగితాలు తిరగేస్తుంటే ఆ వీపులన్నీ ఒక్కసారిగా కనిపించినాయి. మర్నాడే ఆళ్ళగడ్డకు బయలుదేరినాను. రోడ్డు ఇప్పుడు నాలుగు వరసలు, అమ్మ ఒక్క అబద్ధం దిద్దినంత దూరం కంటి రెప్పపాటులో దాటిపోతుంది. ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది, అది మంచిదే. బస్సులో పక్క సీటు పిల్లవాడు తన ఫొటోలు తానే తీసుకుని, తానే మెచ్చుకుని, లోకానికి పంపుతున్నాడు. తప్పేమీ లేదు, నేనూ నా పుస్తకం సంగతి ఇద్దరికి చెప్పుకున్నాను. ఇప్పుడు ఎవరి ఎద్దులు వాళ్ళ కొట్టంలోనే ఉన్నాయి. ఇంకొకరి ఎద్దుకు మేత వేస్తూ, అది తనదేనని నవ్వుల పాలయ్యే మనిషి మాత్రం ఆ దారిలో నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు, ఆయనా గోడకేసి తిరిగి పండుకున్నాడు.

గదిలో నీలగిరి తైలం వాసన. మామ వీపు నా బొమ్మలోని వీపులాగే ఉంది. పుస్తకం వస్తోందని చెప్పినాను. కోనప్పను చదివి వినిపించినాను. అమ్మ మాట ఎత్తితే మూసిన కండ్ల నుంచి నీళ్ళు కారినాయి, అంతే. రమణమ్మ గ్లాసుతో నీళ్ళు పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. ఇంక ఏం చేయాలో నాకు తోచలేదు. గొంతు సవరించుకున్నాను.

"మామా, చాగలమర్రి ఎక్స్‌ప్రెస్సును ఆపింది నేనే."

రమణమ్మ నన్ను, ఇంట్లో ఇంకొక రోగి తయారైనట్టు చూసింది.

"నడిరోడ్డు మీద నిలబడినా. డ్రైవరు నన్ను చూసి వణికిపోయినాడు. అమ్మ నీ మంచం పక్కన కూర్చొని ముక్కు చీదుతాండె."

భుజం కదిలింది. ఎండిన బావి గిలక తిరిగినట్టు ఒక గొంతు వచ్చింది.

"ఎవురు ఏడ్సింది?"

"అమ్మే."

మామ మెల్లగా ఇటు తిరిగినాడు. కండ్లు తెరిచినాడు. "నువ్వు యాడుంటివి మ్మే ఆ పొద్దు? మీ యమ్మ కడుపులో ఉంటివి."

"అయితే నేనూ నిలబడినట్టే గదా."

మామ పెదవి మూల ఏదో కదిలింది. "ఇన్నేండ్లు నా బొమ్మలేసినావు, కోతలు కొయ్యడం గూడా నేర్చుకోల్యా. ఇట్లనా చెప్పేది? లేపు నన్ను."

ఇద్దరం పట్టి కూర్చోబెట్టినాము, వీపు వెనక దిండు పెట్టినాము. రమణమ్మ అందించిన నీళ్ళు గుక్క గుక్కగా తాగినాడు. ఆ గొంతు సవరింపు నాకు తెలుసు. బస్టాండంతా వినపడేది.

"ఆ పొద్దు," అన్నాడు మామ, "నేను నడిరోడ్డు మీద నిలబడినా..."

నేను కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చున్నాను, ఎక్కడెక్కడ అడ్డుపడాలో గుర్తు పెట్టుకుంటూ.